విప్పింది రాసిపెట్టు, తీసింది దాచిపెట్టు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

యాభై ఏళ్ళ పండగలో మాట్లాడమంటే ఎవరైనా చదువు గురించి, ఉద్యోగం గురించి చెబుతారు. నన్ను మాత్రం కార్యదర్శిగారు "ఆ ఎర్ర కారు సంగతి చెప్పండి, చాలు" అన్నారు. కాబట్టి ఒక పాత కారును ఇంట్లోనే విప్పి, బాగుచేసి, కొంత మార్చి మళ్ళీ రోడ్డెక్కించడం గురించి చెబుతాను. కారు లేనివాళ్ళు విసుక్కోకండి. ఇందులో నేను చేసిన పనిలో సగం మన లాలాగూడ నేర్పిందే.

పొద్దున కారు చుట్టూ చేరినవాళ్ళలో ఒకరు "ఇది స్పిట్‌ఫైర్ కదండీ?" అన్నారు. ఇంకొకరు "కాదు, హెరాల్డ్. మా మేనమామకు ఉండేది" అన్నారు. మేనమామగారి మాటే నిజం. కానీ మొదటాయన కూడా మరీ దూరం పోలేదు. ఇంగ్లండులో 1959లో ట్రయంఫ్ హెరాల్డ్ వచ్చింది. దాని రూపు గీసింది జోవాన్నీ మికెలోత్తి అనే ఇటలీ డిజైనరు. ఇక్కడ మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్ళు 1961 నుంచి దాన్నే స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారుచేశారు. అదే ఛాసిస్‌ను పొట్టిచేసి, పైన రెండు సీట్ల బాడీ బిగించి ట్రయంఫ్ కంపెనీ 1962లో తెచ్చిన స్పోర్ట్స్ కారు పేరు స్పిట్‌ఫైర్. అంటే రెండూ ఒక ఇంటి అక్కాచెల్లెళ్ళు. విదేశీ స్పోర్ట్స్ కారు మన మధ్యతరగతికి కలలో కూడా అందని రోజుల్లో, మద్రాసు దగ్గర షోలవరం రన్‌వే మీద జరిగే పందేల్లో మన కుర్రాళ్ళు ఈ హెరాల్డ్‌లనూ ఫియట్‌లనూ సానబట్టి పరుగెత్తించారు. మన తరానికి చేతికందిన స్పోర్ట్స్ కారు ఇదే.

దీని ఇంజను 948 సీసీ. బలం సుమారు 35 హార్స్‌పవర్. ఇవాళ సిగ్నల్ దగ్గర మన పక్కన ఆగే కొన్ని మోటారుసైకిళ్ళకు ఇంతకన్నా ఎక్కువ ఉంటుంది. నా కారు 1966 నాటిది, రెండు తలుపులది. దక్షిణ మధ్య రైల్వే పుట్టిన ఏడూ అదే. తార్నాకలో ఒక ఇంటి ఆవరణలో వేపచెట్టు కింద ఏళ్ళ తరబడి నిలబడిపోయిన కారును, నేను రిటైరైన ఏడాది, ఆ ఇంటివాళ్ళు ఇల్లు కూల్చి అపార్టుమెంటు కట్టేముందు కొన్నాను. ఇంకో వారమైతే తూకానికి పోయేది.

ఇప్పుడు అసలు ప్రశ్న. పాత వస్తువు చేతికొస్తే ఏం చేయాలి? ఉన్నదున్నట్టు ఉంచాలా, మనకు నచ్చినట్టు మార్చుకోవాలా? మన ఊళ్ళోనే ఈ ప్రశ్నకు రెండు చివర్లా రెండు జవాబులున్నాయి. చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్తే నిజాం గారి పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కనబడుతుంది. 1912 నాటిది. దాన్ని దాని కాలంలో ఎలా ఉండేదో అలాగే నిలబెట్టారు. అలాంటి బండి చరిత్ర పుస్తకం, అందులో పేజీ మార్చకూడదు. అక్కడినించి జూ పార్కు వైపు బహదూర్‌పురా వెళ్తే సుధా కార్స్ మ్యూజియం ఉంది. సుధాకర్ గారు తుక్కు సామానుతో బర్గర్ ఆకారంలో, క్రికెట్ బంతి ఆకారంలో, హ్యాండ్‌బ్యాగు ఆకారంలో నడిచే కార్లు కట్టారు. 2005లో ప్రపంచంలోకెల్లా పెద్ద మూడు చక్రాల సైకిలు కట్టి గిన్నిస్ పుస్తకానికెక్కారు. అక్కడ పాత వస్తువు ముడిసరుకు మాత్రమే. రెండూ గొప్ప పనులే. నా కారు మాత్రం రాజుగారిదీ కాదు, తుక్కూ కాదు. దానికి మూడో దారి కావాలి. ఆ దారి మన వీధి చివర్లోనే ఉంది. దాని పేరు లాలాగూడ వర్క్‌షాపు.

1893లో నిజాం రైల్వే కాలంలో మొదలైన వర్క్‌షాపు అది. మనలో సగంమంది దాని సైరన్ విని నిద్రలేచినవాళ్ళం. మా నాన్న అందులో ఫిట్టరు. రైలు పెట్టె అక్కడికి ఓవర్‌హాలింగుకు వస్తే దానికి ఏం జరుగుతుందో చిన్నప్పుడు అన్నం తింటూ విన్నవాళ్ళు మన బడిలో ఎంతమందో. పెట్టెను పైకెత్తుతారు. కింది బోగీలను వేరుచేస్తారు. చక్రాలను లేతు మీద పెట్టి సరిచేస్తారు. స్ప్రింగులను పరీక్షిస్తారు. పాత పెట్టెలకు తుప్పు ఎక్కడ పడుతుందో మీకు తెలుసా? ఎక్కువగా పాయిఖానాల కిందా, నీళ్ళు నిలిచే మూలల్లోనూ. ఆ రేకు కోసి కొత్త రేకు వెల్డు చేస్తారు. అన్నీ అయ్యాక పెట్టె చివర ఏ వర్క్‌షాపు చేసింది, ఏ తేదీన చేసింది, మళ్ళీ ఎప్పుడు రావాలి అని రంగుతో అచ్చు కొడతారు. పెట్టె పాతదే. కానీ రేపు అందులో కూర్చునేవాళ్ళ ప్రాణానికి పూచీ ఉంది. చేసినవాడి చేతికి లెక్క ఉంది. నాన్న ఇంట్లో సైకిలు విప్పినా సరే ఒకే మాట అనేవారు: విప్పింది రాసిపెట్టు, తీసింది దాచిపెట్టు. నా నాలుగేళ్ళ పనికి ఇదే పాఠ్యపుస్తకం.

ఇంట్లో చేయడానికి హెరాల్డ్ అంత అనువైన కారు ఇంకోటి లేదు. ఇప్పటి కార్లకు బాడీయే ఛాసిస్. దీనికి కింద విడిగా ఇనుప ఛాసిస్ ఉంటుంది, పైన బాడీ ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించి ఉంటుంది. బానెట్టు మడ్‌గార్డులతో సహా ముందుకు తెరుచుకుంటుంది. చక్రం మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. పైకప్పు కూడా బోల్టులు విప్పితే ఊడి వస్తుంది. అది తెలియక కొంతమంది పైకప్పులు రంపంతో కోసేశారు.

మా ఇంటి వెనక రేకుల షెడ్డులో పని. కారు కింద ఇటుకలు పేర్చడం ప్రాణాంతకం. అవి ఒక్కసారిగా పగిలిపోతాయి. నేను పాత చెక్క స్లీపరు ముక్కలు పెట్టాను. రైలు మోసినవి కారు మోయలేవా! మొదట బ్యాటరీ, తరవాత పెట్రోలు ట్యాంకు తీసి షెడ్డు బయట పెట్టాకే వెల్డింగు మాట. ప్రతి బోల్టునూ పాత మందుల సీసాల్లో వేసి చీటీ అంటించాం. రెండువందలకు పైగా సీసాలయ్యాయి. మా ఆవిడ "ఆయుర్వేదం షాపు పెట్టారా?" అంది.

బాడీ ఎత్తాక ఛాసిస్ పక్కలకు చేతుల్లా సాగే ముక్కలు తుప్పుతో జల్లెడై కనబడ్డాయి. నీళ్ళు నిలిచే చోటు అదే, రైలు పెట్టె లాగే. అవి కోసి కొత్తవి వెల్డు చేసేముందు ఛాసిస్ వంకర పోయిందో లేదో తెలుసుకోవాలి. దానికి పెద్ద మెషినేమీ అక్కర్లేదు. మూలనుంచి మూలకు దారం లాగి రెండు కర్ణాలు కొలిచాను. దీర్ఘచతురస్రానికి కర్ణాలు సమానం అని మా లెక్కల మాస్టారు ఎనిమిదో తరగతిలో నెత్తిమీద మొట్టి చెప్పింది నలభై ఏళ్ళ తరవాత అక్కరకొచ్చింది. సార్, మీరు ముందు వరసలోనే ఉన్నారు. మీ మొట్టికాయ వృథా కాలేదు.

ఇంజను సిలిండర్లు అరిగిపోయి ఉన్నాయి. రాణీగంజ్ వైపు ఒక లేతు షాపులో బోరింగు చేయించి, ఓవర్‌సైజు పిస్టన్లు వేశాం. సిలిండర్ హెడ్డుకు ఒక పని తప్పనిసరి. ఈ ఇంజన్లు సీసం కలిపిన పెట్రోలు కాలంనాటివి. ఆ సీసం ఎగ్జాస్టు వాల్వు సీట్ల మీద పొరలా ఉండి అరుగుదలను ఆపేది. 2000 సంవత్సరంలో దేశమంతా సీసం పెట్రోలు ఆగిపోయింది. అందుకని గట్టి లోహంతో కొత్త సీట్లు వేయించాలి. అలాగే 2023 నుంచి బంకుల్లోకి వచ్చిన 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరు పైపులను తినేస్తుంది. వాటిని దానికి తట్టుకునే పైపులతో మార్చాలి. పెట్రోలు పైపు కారితే మిగిలేది బూడిదే.

ఇంకో సంగతి. హెరాల్డ్ గానీ, స్పిట్‌ఫైర్ గానీ ఉన్నవాళ్ళు ఇది రాసుకోండి. ముందు చక్రం నిలువు కడ్డీ కింది కొస మరలా ఉండి, ట్రనియన్ అనే కంచు ముక్కలో తిరుగుతుంది. స్టీరింగు తిప్పినప్పుడల్లా ఆ మర కదులుతుంది. దానికి పోయాల్సింది గ్రీజు కాదు, గేర్ ఆయిలు. మన మెకానిక్కు నిపుల్ కనబడితే చాలు, గ్రీజు గన్ను పెడతాడు. అతని తప్పు కాదు, మిగతా కార్లన్నిటికీ అదే పద్ధతి. కానీ ఇక్కడ గ్రీజు గట్టిపడి దారి మూసేస్తుంది, లోపల మర ఎండిపోతుంది, నీళ్ళు చేరతాయి, ఒకరోజు కడ్డీ విరిగి చక్రం కిందికి మడుచుకుంటుంది. నేను ప్రతి ఏడూ వానలకు ముందు గేర్ ఆయిలు ఎక్కిస్తాను.

ఇలా రెండున్నరేళ్ళలో కారును తయారుచేసినవాడు ఎలా ఇచ్చాడో అలా నిలబెట్టాం. ఒక్క మార్పూ చేయకుండా ఆరు నెలలు నడిపాను. ఇది ముఖ్యం. ముందు బండి ఏం చెబుతోందో వినాలి, తరవాత మనం చెప్పాలి.

అప్పుడు ఇంట్లో గొడవ మొదలైంది. మా అమ్మాయి మెకానికల్ ఇంజనీరు. షెడ్డులో సగం పని తనదే. "నాన్నా, జిప్సీలోని 1300 సీసీ సుజుకి ఇంజను ఇందులో పడుతుంది. చాలామంది వేశారు. బలం రెట్టింపు అవుతుంది, స్పేర్లు ప్రతి వీధిలో దొరుకుతాయి. ఈ 35 గుర్రాలతో తార్నాక ఫ్లైఓవరు ఎక్కితే వెనక బస్సు మన డిక్కీలో కూర్చుంటుంది" అంది. నేను "ఇంజను మారిస్తే ఇంక హెరాల్డ్ ఏముందమ్మా" అన్నాను. "మ్యూజియంలో పెట్టుకుంటావా, నడుపుతావా? నేను కూడా నడపాలి కదా" అంది.

ఆ మాట నన్ను ఆపింది. రేపు ఆ స్టీరింగు వెనక కూర్చునేది నా బిడ్డ. అప్పుడు నా ముచ్చట పక్కన పెట్టి, కాగితం మీద లెక్క వేశాం ఇద్దరం.

మొదటి లెక్క, బలం. బలం రెట్టింపైతే గేర్‌బాక్సు, డిఫరెన్షియల్, వెనక షాఫ్టులు, బ్రేకులు, అన్నీ ఆ బరువు మోయాలి. అవన్నీ 35కు కొలిచి చేసినవి. స్పిట్‌ఫైర్‌లో ఇదే కుటుంబం ఇంజనును 1147 సీసీకి పెంచి, రెండు కార్బొరేటర్లు పెట్టి 63 హార్స్‌పవర్ తెచ్చినప్పుడు ట్రయంఫ్ వాళ్ళు ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు కూడా ఇచ్చారు. పరుగు పెంచినవాడు ఆపే శక్తినీ పెంచాడు.

రెండో లెక్క, చట్టం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఇక 2021లో కేంద్రం పాత వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. యాభై ఏళ్ళు దాటిన బండి, ఛాసిస్సూ బాడీ ఇంజనూ పెద్దగా మారకుండా అసలు రూపంలో ఉంటే, నంబరులో వీ.ఏ. అక్షరాలతో ప్రత్యేక సిరీస్ ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళకు చెల్లుతుంది. కాకపోతే ఆ నంబరుతో రోజూ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు మాత్రమే. నేను ఇంకా మామూలు ఆర్‌సీనే అయిదేళ్ళకోసారి రెన్యూవల్ చేయించుకుంటున్నాను. కానీ రేపు మా అమ్మాయి వింటేజ్ నంబరు కావాలనుకుంటే ఆ తలుపు తెరిచే ఉండాలి. ఇంజను మారిస్తే ఆ తలుపు మనమే మూసినట్టు. పైకప్పు విప్పకుండా ఉంచింది కూడా అందుకే.

మూడో లెక్క, అసలు ప్రమాదం ఎక్కడుంది? ఇంజనులో లేదు, వెనక చక్రాల్లో ఉంది. ఈ కారు వెనక రెండు చక్రాలకూ కలిపి అడ్డంగా ఒకే కమాను కట్ట. షాఫ్టులు డిఫరెన్షియల్ దగ్గర మాత్రమే కీలు తిరుగుతాయి. మలుపులో వేగంగా వెళ్తూ భయపడి ఒక్కసారి యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే వెనక భాగం పైకి లేస్తుంది, బయటి చక్రం కారు కిందికి మడుచుకుంటుంది, పట్టు తప్పి వెనక భాగం గిర్రున తిరుగుతుంది. ట్రయంఫ్ వాళ్ళే 1970లో స్పిట్‌ఫైర్ నాలుగో మార్కులో దీనికి మందు కనిపెట్టారు. కమాను కట్టలో అడుగు పట్టీని మాత్రం గట్టిగా బిగించి, మిగతా పట్టీలను మధ్యలో ఊగేలా వదిలారు. దాంతో చక్రం మడుచుకోవడం బాగా తగ్గింది.

లెక్క తేలింది. మా అమ్మాయి చెప్పినదాంట్లో సగం నెగ్గింది, నాదాంట్లో సగం నెగ్గింది. ఇంజను పాతదే ఉంచాం. ఆపేవీ, పట్టి ఉంచేవీ, చూపించేవీ మాత్రం మార్చాం. ముందు చక్రాలకు స్పిట్‌ఫైర్ డిస్క్ బ్రేకులు, వాటికి తగిన మాస్టర్ సిలిండరు. అవి ఇంగ్లండులో ఉన్న మన బ్యాచ్ మిత్రుడు సూట్‌కేసులో బట్టలు తగ్గించుకుని మోసుకొచ్చాడు. వాడి భార్యకు ఈ సభాముఖంగా క్షమాపణలు. వెనక ఊగే కమాను, ముందు కాస్త లావు యాంటీ రోల్ బారు. డైనమో బదులు ఆల్టర్నేటరు, హెడ్‌లైట్లకు రిలేలు. సీటుబెల్టులు వెనక గట్టి ఇనుప పలకలు వేసి బిగించాం. ఇన్సూరెన్సువాళ్ళకు ఒక్కొక్కటీ రాసిచ్చాం.

ఇందులో ఏదీ కోసి చేసింది కాదు. ప్రతిదీ ఉన్న బోల్టు రంధ్రాలకే బిగుస్తుంది. తీసిన డ్రమ్ములు, డైనమో, పాత కమాను నూనె పూసి గోనెసంచుల్లో అటక మీద ఉన్నాయి. ఏ బోల్టు ఎక్కడిదో రాసిన నోటుపుస్తకం వాటితోనే ఉంది. రేపు ఎవరికైనా 1966 నాటి హెరాల్డే కావాలంటే రెండు ఆదివారాల పని. బానెట్టు లోపలివైపు, వర్క్‌షాపు పెట్టె మీద కొట్టినట్టే, అచ్చు కొట్టించాను: లాలాగూడ, తేదీ, చేసిన మార్పులు, మళ్ళీ ఎప్పుడు చూడాలి. దాని కింద మా ఇద్దరి పేర్లు. కొత్త కమాను వేశాక మొదట ఖాళీ మైదానంలో, తరవాత వర్షంలో నడిపి చూసి, అప్పుడే తాళంచెవి తన చేతిలో పెట్టాను.

ఇదంతా ఈ సభలో ఎందుకంటే, మన సంఘం కూడా ఇప్పుడు అదే ప్రశ్న ముందు నిలబడి ఉంది. పాత భవనం కూల్చాలా, ఉంచాలా అని పొద్దున కమిటీలో గట్టిగా వాదించుకున్నాం. నేను చెప్పేది ఒకటే. కూల్చేముందు కొలవండి. మార్చేముందు కొంతకాలం వాడి చూడండి. పిల్లల ప్రాణానికి సంబంధించినవి, అంటే కప్పు, మెట్లు, కరెంటు తీగలు, ఏ మొహమాటమూ లేకుండా మార్చండి. మిగతావి మన తరవాతివాళ్ళు వెనక్కి తీసుకోగలిగేలా మార్చండి. ఏం చేశారో గోడమీద రాసిపెట్టండి.

ఇంకో చిన్న మనవి. మా రోజుల్లో క్రాఫ్టు పీరియడులో ఆకురాయి పట్టుకోవడం, చెక్క కోయడం నేర్పేవారు. ఇప్పుడు పిల్లలు కారును ఫోనులో నడుపుతారు కానీ పానా ఏ వైపు తిప్పితే బోల్టు వదులవుతుందో తెలియదు. బడిలో ఒక గది ఇవ్వండి. బెంచీ, వైసు, పానాల సెట్టు నేనిస్తాను. నా దగ్గర ఇంకో అరిగిపోయిన 948 ఇంజను ఉంది. దాన్ని స్టాండు మీద బిగించి అక్కడ పెడతాను. తొమ్మిదో తరగతి పిల్లలు ఏడాదికోసారి విప్పి, రాసుకుని, మళ్ళీ బిగించనీండి. నెలకు రెండు శనివారాలు నేనొస్తాను. మా అమ్మాయి కూడా వస్తానంది. వర్క్‌షాపులో చేసి రిటైరైన అన్నలు ఈ హాల్లోనే కనీసం పదిమంది కనబడుతున్నారు. మీ చేతుల్లో ఉన్నది ఏ పుస్తకంలోనూ లేదు. దయచేసి దాన్ని ఇంట్లోనే పెట్టుకుని కూర్చోకండి.

పేర్లు ఇవ్వదలచినవాళ్ళు భోజనాల దగ్గర కార్యదర్శిగారికి ఇవ్వండి.